బ్రేక్ డిస్క్ ఇంటి దగ్గరే మార్చాలంటే

వడ్ల సీజన్ మొదలైందంటే సూర్యాపేట జిల్లా చివ్వెంల చుట్టుపక్కల పికప్ బండ్లకు తీరిక ఉండదు. పొలం దగ్గర బస్తాలు ఎక్కించుకుని, మట్టిబాట దాటి, సూర్యాపేట మార్కెట్‌కో మిర్యాలగూడ మిల్లులకో పోతాయి. ఇక దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరిగే రోజుల్లో చెప్పనే అక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో కూడా హైదరాబాద్–విజయవాడ రహదారి మీద వాహనాలను వేరే దారికి మళ్లించాల్సి వచ్చింది. అంత జనంలో బండి నడిపేవాడికి బ్రేకు గట్టిగా ఉండాలి.

మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, 2005లో మార్కెట్‌లోకి వచ్చిన టాటా ఏస్ వంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ భారం ముందు డిస్కులదే. లోడుతో కలిపి మూడు టన్నులున్న బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందనుకుందాం. ఆ వేగంలోని శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడితో దాదాపు లీటరున్నర నీళ్లను మరిగించవచ్చు. అదే 80 మీద పోతుంటే రెండున్నర లీటర్లు! వేగం కొంచెం పెరిగినా వేడి చాలా పెరుగుతుంది. ఈ వేడిలో ఎక్కువ భాగాన్ని మింగి గాలికి వదిలేయాల్సింది ముందున్న ఆ పోత ఇనుప డిస్కులే.

అందుకే డిస్కు మందం ముఖ్యం. ఎంతవరకు అరగవచ్చో, అంటే మినిమమ్ థిక్‌నెస్ ఎంతో, చాలా డిస్కుల అంచు మీదో హబ్ దగ్గరో మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. కనిపించకపోతే కంపెనీ మాన్యువల్ చూడాలి. డిస్కు మీద గీతలు పడితే లేత్ మిషన్ మీద చెక్కించి మళ్లీ బిగించడం మనవైపు మామూలే. మందం మిగిలి ఉంటే అందులో తప్పు లేదు. కానీ హద్దు దాటి చెక్కించిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది, పగుళ్లిస్తుంది. బస్తాలు మోసే బండికి అలాంటి ఆదా చేయకూడదు.

బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ వణికితే ‘డిస్కు వంకర పోయింది’ అంటుంటారు. నిజానికి డిస్కు వంగడం అరుదు. చాలాసార్లు డిస్కు ఒకచోట మందంగా, మరోచోట పల్చగా అరిగి ఉంటుంది. లేదంటే బ్రేక్ ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకుని ఉంటుంది. హబ్ మీది తుప్పు తీయకుండా కొత్త డిస్కు బిగించినా మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే చాలు, కొన్ని వేల కిలోమీటర్లకు వణుకు మళ్లీ మొదలవుతుంది. ఈ పనిలో పానా తిప్పడం తేలిక. తుప్పు గీకడానికే ఓపిక కావాలి.

ఇంటి ముందు మట్టి నేలైతే జాకీ కింద దిట్టమైన చెక్క వేయాలి. నట్లను చక్రం నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసుకుని, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అప్పుడు బండి లేపాలి. లేపిన వెంటనే ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఉన్నట్టుండి పగులుతాయి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరడమంటే ప్రాణంతో చెలగాటమే.

చక్రం తీశాక, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ బోల్టులు విప్పి, దాన్ని తీగతో పైన కట్టాలి. బ్రేకు పైపుకే వేలాడదీస్తే పైపు లోపల దెబ్బతింటుంది, పైకి కనిపించదు. ఇక్కడ డిస్కు ఎలా బిగించారో చూసుకోవాలి. కొన్ని బండ్లలో అది హబ్ మీద కూర్చుని ఉంటుంది. తుప్పు వదిలితే చేతికి వచ్చేస్తుంది. అమెరికాలో ఇళ్ల ముందు పికప్‌ల డిస్కులు సొంతంగా మార్చుకునేవారికి ఇదే కలిసొచ్చింది. మరికొన్ని బండ్లలో డిస్కును హబ్‌కు వెనకనుంచి బోల్టులతో బిగిస్తారు. అప్పుడు హబ్, బేరింగులు కూడా ఊడదీసి, గ్రీజు పెట్టి, బేరింగ్ బిగువు సరిచూడాలి. అలవాటు లేనివాళ్లు ఆ పని మెకానిక్‌కు వదిలేయడమే మంచిది.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూస్తారు. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. డిస్కులు రెండువైపులా ఒకేసారి మార్చాలి, ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి. పాత ప్యాడ్ల దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకూడదు. తడిగుడ్డతో తుడిస్తే ఊపిరితిత్తుల్లోకి పోదు. కొత్త ప్యాడ్లకు చోటిచ్చేలా కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగి పెయింట్ మీద పడితే రంగు లేస్తుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడుతుంది, బ్రేకు పట్టదు.

కాలిపర్ బిగించి, చక్రం ఎక్కించి, బండి దించాక నట్లను ఒకదాని ఎదుటి దాన్ని బిగిస్తూ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు తేవాలి. బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కనుక మొదటి తొక్కుడుకు పెడల్ నేలను తాకుతుంది. ఇది మరిచి వీధిలోకి నడిపితే బండి ఆగదు. తర్వాత ఖాళీ బండితో, ట్రాఫిక్ లేని దారిలో, 50 నుంచి 15 కిలోమీటర్లకు మెల్లగా వేగం తగ్గిస్తూ, మధ్యలో పూర్తిగా ఆపకుండా, కొన్నిసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లు డిస్కు మీద సమంగా కూర్చుంటాయి. నట్లను ఒకదాని ఎదుటి దాన్ని బిగిస్తూ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు తేవాలి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక, పెద్ద లోడు ఎక్కించకముందే, నట్ల బిగువు మరోసారి సరిచూడాలి.