ఒడిలో పుస్తకం

న్యూజిలాండ్‌లో 1971లో కుష్లా అనే పాప పుట్టింది. క్రోమోజోముల్లో లోపం వల్ల ప్లీహం, మూత్రపిండాలు సరిగా ఏర్పడలేదు. కండరాలు పట్టేస్తూ ఉండడంతో రాత్రిపూట రెండు గంటలు మించి నిద్రపోయేది కాదు. వేళ్ల కొసలు దాటితే ఏదీ స్పష్టంగా కనిపించేది కాదు. చేతికిచ్చిన వస్తువు నిలిచేది కాదు. ఈ బిడ్డకు బుద్ధి ఎదగదని వైద్యులు అనుకున్నారు. నాలుగో నెలలో, తెల్లవార్లూ మేలుకునే పాపను ఎలా ఊరడించాలో తోచక, తల్లిదండ్రులు ఒళ్లో పెట్టుకుని బొమ్మల పుస్తకాలు చదవసాగారు. ముఖానికి బాగా దగ్గరగా పట్టుకుని, పగలనక రాత్రనక, చదివిందే మళ్లీ చదువుతూ.

పుస్తకాలు జబ్బును నయం చేయలేదు. కానీ కుష్లాకు మాటలొచ్చాయి. బొమ్మల్లోని మనుషులూ జంతువులూ నేస్తాలయ్యారు. తర్వాత పరీక్షించిన మనస్తత్వవేత్తలు ఆమె తెలివితేటలు సగటును మించి ఉన్నాయన్నారు. పాప అమ్మమ్మ డొరతీ బట్లర్ ఆక్లండ్‌లో పిల్లల పుస్తకాల దుకాణం నడిపేవారు. మనవరాలు ఏ వయసులో ఏ పుస్తకానికి ఎలా స్పందించిందో ఓపిగ్గా రాసిపెట్టి, విశ్వవిద్యాలయానికి పరిశోధనగా సమర్పించారు. 1979లో అదే ‘కుష్లా అండ్ హర్ బుక్స్’గా అచ్చయింది.

మన ఇళ్లలో పుస్తకం అక్షరాభ్యాసం వెనకాల వస్తుంది. వసంత పంచమి నాడు బాసరలో పలకా బలపాలతో బారులు తీరే తల్లిదండ్రుల్లో చాలామందికి, ఆ రోజుకు ముందు బిడ్డకు పుస్తకంతో పనేముందన్న ఆలోచనే రాదు. ఇస్తే చింపేస్తాడంటారు. నిజమే, చింపుతాడు. ఆరు నెలల పిల్లలకు పుస్తకం నోట్లో పెట్టుకునే వస్తువు. ఏడాది వచ్చేసరికి మందపాటి పేజీలను గుప్పిటతో తిప్పుతారు. ఆ వయసులోనే బొమ్మ మీద వేలు పెట్టి అమ్మ మొహంలోకి చూస్తారు. “అదేంటి?” అని నోటితో అడగలేని బిడ్డ వేలితో అడగడమే అది. అక్కడి నుంచే చదువు మొదలైందని ఒప్పుకోవాలి.

నిజానికి ఇంకా ముందే మొదలవుతుంది. 1986లో అమెరికా పరిశోధకులు ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ కొందరు గర్భిణులతో చివరి ఆరు వారాలు రోజుకు రెండుసార్లు ఒకే కథను బిగ్గరగా చదివించారు. కాన్పయిన కొద్ది రోజుల్లోనే పసికందుల నోట్లో తీగలు అమర్చిన పాలపీక పెట్టి, వాళ్లు చప్పరించే తీరును బట్టి కథ వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు తమకు తెలిసిన కథ కోసమే చప్పరింపు మార్చుకున్నారు. వేరే ఆవిడ గొంతుతో వినిపించినా సరే. కథ అర్థమై కాదు. దాని నడక, ఎత్తుపల్లాలు చెవులకు పట్టేశాయి.

మందుచీటీతో పాటు పుస్తకం

బిడ్డకు టీకా వేయించడానికి వెళితే డాక్టరు చేతికి బొమ్మల పుస్తకం కూడా ఇస్తే? 1989లో బోస్టన్ సిటీ హాస్పిటల్ పిల్లల వైద్యులు బ్యారీ జుకర్‌మన్, రాబర్ట్ నీడిల్‌మన్, వాళ్ల సహచరులు సరిగ్గా ఈ పని చేశారు. ‘రీచ్ అవుట్ అండ్ రీడ్’ పేరుతో అది అమెరికా అంతటా పాకింది. డాక్టరుకు అందులో ఇంకో లాభం ఉంది. పుస్తకాన్ని బిడ్డ ఎలా అందుకుంది, చూపు బొమ్మ మీద నిలిచిందా, వేలు పెట్టి చూపిస్తోందా అన్నది గమనిస్తే ఎదుగుదల తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని 2014లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం తల్లిదండ్రులకు సూచించింది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1992లో వెండీ కూలింగ్ చొరవతో 300 మంది పసిపిల్లల కుటుంబాలకు పుస్తకాల సంచీ అందింది. అదే ‘బుక్‌స్టార్ట్’. ఆ పిల్లల్లో కొందరిని బడిలో చేరాక చూస్తే చదవడంలోనే కాక లెక్కల్లోనూ తోటివారి కన్నా ముందున్నారు. చిన్న అధ్యయనమే. అయినా ఆ సంచీ తర్వాత బ్రిటన్ అంతటికీ చేరింది.

ఇంతకీ పుస్తకంలో అంత ప్రత్యేకత ఏమిటి? రోజంతా మనం పిల్లలతో మాట్లాడేది గమనించుకుంటే తెలుస్తుంది. తిను, పడుకో, అటు వెళ్లకు, చెయ్యి కడుక్కో. ప్రేమగా అన్నా మాటలు అవే. ఎడారి, పడవ, లాంతరు, గుడ్లగూబ వంటింట్లోకి రావు. బొమ్మల పుస్తకంలోకి వస్తాయి. ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో 100 బొమ్మల పుస్తకాలను పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే మాటలతో పోల్చి, పుస్తకాల్లోనే ఎక్కువ రకాల పదాలున్నాయని తేల్చారు.

అయితే గడగడా చదివేసి మూసేస్తే సరిపోదు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్లకు అటూ ఇటూగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక్క కిటుకు నేర్పింది: చదువుతూ మధ్యలో ఆగి అడగండి, బిడ్డ అన్న ముక్కను పట్టుకుని పెంచండి. “కుక్క” అంటాడు వాడు. “అవునమ్మా, నల్ల కుక్క. తడిసిపోయింది పాపం. ఎందుకు తడిసిందో?” అంటుంది అమ్మ. “వాన!” అంటాడు. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాటల నేర్పులో మామూలుగా చదివి వినిపించిన పిల్లలను దాటేశారు. ఇందులో తల్లిదండ్రులు మానుకోవాల్సింది పరీక్ష పెట్టడం. ఇదేం రంగు, ఇదెన్ని అని వరసగా అడిగితే బిడ్డ ఒళ్లోంచి జారుకుంటుంది. కథ ముందుకు సాగాలి, ప్రశ్న దానికి ఊతంగా ఉండాలి.

ఇక “మళ్లీ!” సంగతి. అదే పుస్తకం, ఏడోసారి. పెద్దలకు విసుగు, పిల్లలకు పండగ. ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హార్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లల్లో కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివింది. మరికొందరికి అవే కొత్త పదాలను వేర్వేరు కథల్లో అన్నేసిసార్లు వినిపించింది. పదాలు బాగా గుర్తుపెట్టుకున్నది మొదటి గుంపే. కథ తెలిసిపోయాక బిడ్డ ధ్యాస కొత్త మాట మీదికి మళ్లుతుంది కాబోలు. ఏడోసారి అడిగినా చదవండి.

గోరుముద్దకూ ఫోనేనా

ఇప్పుడు చాలా ఇళ్లలో ఫోను ముందు పెట్టనిదే ముద్ద దిగదు. ఫోనులోనూ కథలున్నాయిగా అంటారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు 12 విడతలు చైనా మాండరిన్ వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ, చదువుతూ పలికినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనుల్ని పట్టుకున్నారు. అదే మనిషిని తెర మీద చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు, కూర్చున్నప్పుడు కథలు చెప్పండి, పుస్తకాలు చదవండి అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

పిల్లలకు తెలుగులో ఏముంది అనే మాట తరచూ వినిపిస్తుంది. కొరికినా చిరగని అట్టపేజీల పుస్తకాలు తక్కువే, అది లోటే. కానీ సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ పిల్లల కోసమే ప్రచురిస్తోంది. చెన్నై ‘తూలిక’ తెలుగు, ఇంగ్లిషు పక్కపక్కన ఉండే బొమ్మల పుస్తకాలు తెచ్చింది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగు అమ్మానాన్నలకు డాక్టరిచ్చింది ఇంగ్లిషు పుస్తకమే అయినా, బొమ్మకు భాష లేదు. కథ తెలుగులో చెప్పుకోవచ్చు.

మరి చదువు రాని అమ్మల మాటేమిటి? దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివార్లలోని పేదల వాడ ఖయలిత్షాలో లిన్ మరే, పీటర్ కూపర్ తదితరులు చేసిన ప్రయోగం దీనికి దారి చూపిస్తుంది. ఏడాదీ రెండు మూడు నెలల పిల్లల తల్లులకు 8 వారాల పాటు, బిడ్డతో కలిసి బొమ్మల పుస్తకం ఎలా చూడాలో నేర్పారు. బిడ్డ చూపు ఎటు పోతే అటు వెళ్లడం, వాడు చూపించినదానికి పేరు చెప్పడం, ఇంట్లో వస్తువుతో ముడిపెట్టడం, అంతే. ఆ పిల్లల మాటలూ పెరిగాయి, ఒకదాని మీద ధ్యాస నిలపడమూ పెరిగింది.

మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకం ఐసీడీఎస్‌లో బడి ముందు చదువు మూడేళ్లు నిండిన వాళ్లకు. తెలుగు రాష్ట్రాల్లో అంతకన్నా చిన్నవాళ్ల ఇంటికి వెళ్లేది ప్రధానంగా బాలామృతం అనే పోషకాహారం పొట్లం. పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో ఆడించాల్సిన ఆటలూ మాటలతో 2024లో కేంద్రం ‘నవచేతన’ను విడుదల చేసింది కాబట్టి, దారి తెరుచుకునే ఉంది. అమెరికాలో గాయని డాలీ పార్టన్ 1995లో తన సొంత జిల్లా పిల్లలకు పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు నిండేదాకా నెలకో పుస్తకం పోస్టులో పంపడం మొదలుపెట్టారు. మనకు పోస్టు కూడా అక్కర్లేదు. బాలామృతం పొట్లంతో పాటు, అక్షరం లేకపోయినా పర్లేదు, నాలుగు రంగు బొమ్మల పుస్తకం ఇవ్వొచ్చు. దాన్ని బిడ్డకు ఎలా చూపించాలో అంగన్‌వాడీ టీచరు ఐదు నిమిషాలు కూర్చుని చూపిస్తే చాలు.