మీకు తెలుసా? మెడ బిగువుకు ఏ మాస్క్?

హుస్నాబాద్‌లో మెడకు ప్యాక్ అనగానే చాలామంది ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది ముల్తానీ మట్టి. పాకిస్తాన్‌లోని ముల్తాన్ నగరం నుంచి వచ్చిన పేరది. తడి ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోయి చర్మాన్ని లాగుతుంది. కడిగిన కాసేపటికి ఆ బిగువు పోతుంది.

పైగా మెడ చర్మం పలుచన, నూనె గ్రంథులు ముఖంలో ఉన్నన్ని ఉండవు. నూనె పీల్చే మట్టి అక్కడ ఎక్కువసేపు ఉంటే ఇంకా పొడిబారుతుంది. తల తిప్పినప్పుడు పూత చిట్లిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కాస్త తడిగా ఉండగానే కడిగేయండి.

నన్నడిగితే మెడకు తేమనిచ్చే మాస్కే మేలు. గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్ ఉన్నవి చూడండి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, ఒక రోజు ఆగండి. నిమ్మరసం మాత్రం వద్దు, చర్మం మండుతుంది.

బిగువునిచ్చే కొల్లాజెన్‌ను ఎండ దెబ్బతీస్తుంది. పత్తి ఏరేటప్పుడు మెడ చుట్టూ కొంగు కప్పుకునే మన అక్కలు చేస్తున్నది ఏ మాస్కూ చేయలేని పని. కొంగు కప్పని చోట ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయండి.

మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా, మఖమల్‌లా మారితే అది షుగర్‌కు సూచన కావచ్చు; మాస్క్ కొనకండి, షుగర్ పరీక్ష చేయించుకోండి.