ఆంగ్లికన్ మతాధికారుల సిద్ధాంత సమ్మతి

ఆంగ్లికన్ మతాధికారుల సిద్ధాంత సమ్మతి అనగా ఇంగ్లాండు సంఘంలో గురువులుగా, బిషప్పులుగా నియమితులయ్యేవారు తమ సంఘపు సిద్ధాంతాలను అంగీకరిస్తూ చేసే ప్రకటన. సంఘ నాయకులు పూర్వ సిద్ధాంతానికి కట్టుబడి ఉన్నారా అనే వివాదానికి ఈ ప్రకటన కేంద్రం. ప్రకటనలోని పదజాలం కాలక్రమంలో మారినందువలన, ఒకే నాయకుడిని కొందరు విశ్వాసపాత్రుడని, మరికొందరు మాట తప్పినవాడని భావించే పరిస్థితి ఏర్పడింది.

ఆధార గ్రంథాలు

ఆంగ్లికన్ సంఘాలలో పోపు వంటి సర్వాధికారి లేరు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ గౌరవంలో ప్రథములే కాని, ఇతర దేశాల సంఘాలను శాసించలేరు. ఇంగ్లాండు సంఘంలో సిద్ధాంతానికి బైబిలు, ప్రాచీన విశ్వాస ప్రమాణాలు, 1662 నాటి సామాన్య ప్రార్థనా గ్రంథం, ముప్పై తొమ్మిది మత సూత్రాలు ఆధారం. ఈ సూత్రాలు 1571లో తుదిరూపం పొందాయి.

సమ్మతిలో మార్పులు

మొదట గురువులు సూత్రాలన్నిటినీ, ఒక్కొక్కదానినీ బైబిలుకు అనుగుణమైనవిగా అంగీకరించవలసి ఉండేది. 1865 చట్టం దీనిని సాధారణ సమ్మతిగా సడలించింది. 1975లో వచ్చిన ప్రకటన ప్రకారం సూత్రాలు క్రైస్తవ విశ్వాసానికి సాక్ష్యమిచ్చే చారిత్రక పత్రాలు. ఆ విశ్వాసాన్ని ప్రతి తరానికి కొత్తగా ప్రకటించవలసిన బాధ్యత కూడా గురువులపై ఉంది. సంప్రదాయవాదులు ఇందులోని మొదటి భాగాన్ని, ఉదారవాదులు రెండవ భాగాన్ని ప్రధానంగా తీసుకుంటారు.

ముఖ్య వివాదాలు

1860లో వెలువడిన "ఎస్సేస్ అండ్ రివ్యూస్" అనే వ్యాస సంపుటి బైబిలును విమర్శనాత్మకంగా పరిశీలించింది. రచయితలలో ఇద్దరు గురువులకు మత న్యాయస్థానం శిక్ష విధించగా, 1864లో ప్రివీ కౌన్సిల్ దానిని రద్దు చేసింది. వారి బోధ సరియైనదా అన్నది కాక, అది సంఘ పత్రాలకు స్పష్టంగా విరుద్ధమా అన్నదే న్యాయస్థానం పరిశీలించింది.

1984లో డర్హం బిషప్‌గా నియమితుడైన డేవిడ్ జెంకిన్స్ కన్య గర్భధారణను, క్రీస్తు పునరుత్థానాన్ని అక్షరార్థంలో గ్రహించడాన్ని ప్రశ్నించాడు. అభ్యంతరాలు వచ్చినప్పటికీ యార్క్ మిన్‌స్టర్‌లో ఆయన అభిషేకం జరిగింది. మూడు రోజుల తరువాత అక్కడ అగ్నిప్రమాదం సంభవించగా, కొందరు దానిని దైవాగ్రహంగా భావించారు.

స్వలింగ సంబంధాల విషయమై మత సూత్రాలలో ప్రత్యేక నిబంధన లేదు. ప్రార్థనా గ్రంథంలోని వివాహ క్రమం మాత్రం స్త్రీ పురుషుల వివాహాన్నే పేర్కొంటుంది. 1998 లాంబెత్ సభ ఈ సంబంధాలు బైబిలుకు విరుద్ధమని తీర్మానించింది. 2003లో అమెరికాలో జీన్ రాబిన్సన్ అభిషేకం తరువాత విభేదాలు తీవ్రమయ్యాయి. 2008లో జెరూసలేంలో సమావేశమైన గాఫ్‌కాన్ సంప్రదాయవాదులు ముప్పై తొమ్మిది సూత్రాలను తిరిగి ధ్రువీకరించారు. 2023లో ఇంగ్లాండు సంఘం స్వలింగ జంటల కొరకు ఆశీర్వాద ప్రార్థనలను అనుమతించింది.

తెలుగు ప్రాంతంతో సంబంధం

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన సంఘాల ఐక్యతకు కృషి చేశాడు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, బిషప్పుల చేత అభిషేకం పొందని గురువులను కూడా స్వీకరించింది. ఇది పూర్వ సంప్రదాయాన్ని విడనాడడమేనని పలువురు ఆంగ్లికన్‌లు ఆక్షేపించారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్‌లలో అధికులు ఆనాడు ఐక్యతలో చేరలేదు. విశ్వాసపాత్రత అనగా అభిషేక క్రమాన్ని కాపాడడమా, లేక సువార్త కొరకు ఐక్యమవడమా అన్నది అప్పటి ప్రశ్న.