మీకు తెలుసా? కంపెనీలకు పన్ను తగ్గింది, ఉద్యోగాల షరతు పెట్టలేదు

2019 సెప్టెంబరు 20న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గోవాలో ఒక పెద్ద ప్రకటన చేశారు. మినహాయింపులు వదులుకునే దేశీయ కంపెనీలకు పన్ను 22 శాతమే. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15 శాతం (కొత్తవారికి ఈ వెసులుబాటు 2024 మార్చితో ముగిసింది). సర్‌ఛార్జి, సెస్సు అదనం. ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే లెక్కగట్టింది.

పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు పెరుగుతాయి అన్నది సర్కారు వాదన. ఆ సొమ్ము సామాన్యుడి చేతికిస్తే గిరాకీ పెరిగేదన్నది విమర్శకుల మాట. అయితే ఫలానా మందికి పని ఇస్తేనే ఈ రాయితీ అన్న షరతు ఈ తగ్గింపు తెచ్చిన చట్టంలో ఎక్కడా లేదు! అసలు లోపం అక్కడే ఉంది. లాభాలు పెరిగినంతగా నియామకాలు, జీతాలు పెరగలేదని 2023-24 ఆర్థిక సర్వే కూడా ఒప్పుకుంది.