విశేష వృత్తులకు ద్వారబంధము లెట్లుండవలయును?

బల్లచుట్టుఁ గూర్చుండి కథ చెప్పుకొనుచు నాడెడి యొక యాట యీ దినములలో మన పై తరగతుల బాలబాలికలలోఁ గొందఱికి మిక్కిలి ప్రియమై యున్నది. సెలవు దినములలో వారు కాగితములు, పెన్సిళ్లు, వింత యాకారములుగల పాచికలు ముందిడుకొని గంటల తరబడి మాటలాడుకొనుటఁ జూచి, ఇది యేదో జూదమని తల్లిదండ్రులు కొందఱు శంకించి మమ్మడిగిరి. ఇది జూదము కాదు. ఇందుఁ బందెము లేదు, డబ్బు లేదు, ఒకరిపై నొకరు గెలుచుట సైతము లేదు.

ఈ తెగ యాటలలో మొదట నచ్చుపడి ప్రసిద్ధి కెక్కినది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనునది. అమెరికా దేశీయులగు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని రచింపఁగా 1974వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడెను. ఒకరు ఆటపెద్దయై కథ జరుగు స్థలమును వర్ణింతురు. తక్కినవారు తలకొక పాత్రను వహించి, ఆ పాత్ర యేమి చేయునో చెప్పుదురు. చెప్పిన పని నెఱవేఱునో లేదో యను సందేహము కలిగినచోఁ బాచికలు తీర్పు చెప్పును. ప్రతి పాత్రకును యోధుఁడు, మాంత్రికుఁడు, దొంగ, పూజారి మొదలగు వానిలో నొక వృత్తి యుండును. అనుభవము గడించిన కొలఁది పాత్ర మెట్టు వెంబడి మెట్టెక్కును.

ఈ సామాన్య వృత్తులే కాక కొన్ని విశేష వృత్తులును గలవు. వానిలోఁ జేరఁగోరు పాత్రకుఁ గొన్ని ప్రవేశ నియమము లుండును. మన విద్యార్థులు తమ యాటకుఁ దామే క్రొత్త వృత్తులఁ గల్పించుకొనఁ దలఁచి, ఆ నియమముల నెట్లేర్పఱుపవలయునని మమ్ము సలహా యడిగినందున నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇంత చిన్న సంగతికి వ్యాసమెందులకని కొందఱు తలంపవచ్చును. కాని ప్రవేశ నియమ మనఁగా, బల్లయొద్దఁ గూర్చున్న యొక బాలునితో "నీవు రాఁగూడదు" అనియో, "ఇంత చేసి రమ్ము" అనియో చెప్పెడి మాట. మొదటి మాట విన్నవాఁడు కాగితము మడిచి లేచిపోవును. రెండవ మాట విన్నవాఁడు వచ్చు వారము అందఱికంటె ముందుగా వచ్చి కూర్చుండును. ఏటేటఁ బ్రవేశ పరీక్షలకుఁ బిల్లలను సిద్ధపఱచుచున్న మాకీ భేదము బాగుగఁ దెలియును.

1978లో వెలువడిన నియమగ్రంథమునఁ బాలడిన్ అను ధర్మయోధుని వృత్తి యుండెను. దానిలోఁ జేరుటకు బలము 12, బుద్ధి 9, వివేకము 13, దేహదార్ఢ్యము 9, జనాకర్షణ 17 తక్కువ కాకుండ నుండవలయును. ఈ గుణముల లెక్క పాచికలవలన వచ్చునది. గుణమునకు మూఁడు పాచికలు వేసి, పడిన సంఖ్యలను గూడుదుమనుకొందము. మూఁడు పాచికలు పడుటకు 216 విధములు గలవు. వానిలో 17గాని 18గాని వచ్చునవి నాలుగే, అనఁగా 54కు ఒకటి. తక్కిన నాలుగు గుణములను గూడఁ జేర్చి, వరుస మార్పక లెక్కించినచో నర్హత కలుగుట యించుమించు వేయింటికి ఒకటి. గణితము నేర్చు విద్యార్థులు దీనిని పలకపైఁ జేసి చూచుకొనవచ్చును. 1979లో నాటపెద్దలకై వచ్చిన గ్రంథము నాలుగు పాచికలు వేసి చిన్నదానిని విడుచుట, వచ్చిన సంఖ్యలను కోరిన గుణములకుఁ బెట్టుకొనుట వంటి సడలింపులను జూపినది. అయినను మూలమున నున్నది యదృష్టమే.

ధర్మయోధుఁ డరుదుగా నుండవలయునని గ్రంథకర్తల యుద్దేశము కాఁబోలు. ఉద్దేశము మంచిదే. కాని లోకములో నరుదైనది బల్లయొద్ద నరుదుగా నుండునను నమ్మకము లేదు. ధర్మయోధుఁడు కావలెనని మనసుపడిన బాలుఁడు 17 పడువఱకుఁ బాచికలు వేయుచునే యుండును. సత్యమును గాపాడవలసిన వృత్తికి నాతఁ డబద్ధముతోఁ బ్రవేశించును! ఇంతకంటె వెక్కిరింత యేమున్నది?

అదే గ్రంథమున బార్డు అను గాయకుని వృత్తికి వేఱొక మార్గము చూపిరి. గుణముల కట్టడి యందును గలదు గాని, అంతకు మించి నడవవలసిన బాట యున్నది. మొదట యోధుఁడై యయిదవ మెట్టైన నెక్కి, యెనిమిదవది చేరకమున్నే యా వృత్తిని విడిచి దొంగ కావలయును. అందును గొన్ని మెట్లెక్కి, పిమ్మట వనదేవతల పూజారుల శిక్షణలోఁ జేరవలయును. బాట సుదీర్ఘమే. అయినను "నీవు రాఁగూడదు" అనుటకుఁ బదులు "ఈ త్రోవను రమ్ము" అనెడి ధోరణి యిందుఁ గనఁబడుచున్నది.

ఈ ధోరణి 2000లో వచ్చిన మూఁడవ కూర్పునఁ బూర్తిగా నెలకొన్నది. అందు విశేష వృత్తులకుఁ బ్రెస్టీజ్ క్లాసులని పేరు. ఏ పాత్రయు మొదటి మెట్టుననే వానిలోఁ జేరఁజాలదు. ఆడుచు సంపాదించినదే యర్హత. ఉదాహరణమునకు, మంత్రించిన బాణముల నేయు విలుకాని వృత్తికిఁ బోరాటపు లెక్క 6 ఉండవలయును, విలువిద్యలోఁ గొన్ని ప్రత్యేక ప్రజ్ఞలు గావలయును, మొదటి తరగతి మంత్రములు వేయఁగలుగవలయును. విల్లు, మంత్రము రెండును ఆ వృత్తి పనికే యుపయోగించునవి. అడిగినదానికిని ఇచ్చెడిదానికిని పొందిక యున్నది. ఇట్టి నియమమును మేము మెచ్చుదుము.

ఇచ్చట లెక్కలోని యొక మర్మమును విద్యార్థులు గమనింపవలయును. పోరాటపు లెక్క యోధునికి మెట్టునకు ఒకటి చొప్పునఁ బెరుగును, పూజారికిని దొంగకును నాలుగు మెట్లకు మూఁడు, మాంత్రికునికి రెండు మెట్లకు ఒకటి. కావున 6 అను నియమము వృత్తి మార్పని యోధునికి 6వ మెట్టునను, దొంగకు 8వ మెట్టునను, మాంత్రికునికి 12వ మెట్టునను దీఱును. విద్యల విషయమున నీ భేద మింకను హెచ్చు. తన వృత్తికిఁ జెందిన విద్యలో మెట్టునకు మూఁడు గలిపినన్ని యంకములు పొందవచ్చును. చెందని విద్యలో దానిలో సగమే. రహస్య హంతకుని వృత్తికి దాఁగుకొను విద్యలో 8 అంకము లడిగిరి. దొంగకది 5వ మెట్టున నమరును. అదే వృత్తిలో నిలిచిన యోధునికి 13వ మెట్టు రావలయును. నియమము వ్రాసినవాఁ డొక్క సంఖ్యయే వ్రాసెను గాని, దానివలన నొకనికి గుమ్మము, మఱియొకనికిఁ గోటగోడ యేర్పడినవి. సంఖ్యను వ్రాయకమున్నే ప్రతి వృత్తికి నది యే మెట్టునఁ దీఱునో పట్టిక వేసి చూచుకొనవలయును.

ఇంకొక దోషము సుంకము వంటిది. డ్వార్ఫ్ అను పొట్టి జాతివారి రక్షకభట వృత్తికి నడిగిన ప్రజ్ఞలలో దేహపటుత్వ మొకటి. అది ప్రాణబలమునకు 3 మాత్రమే చేర్చును. మొండిగా నిలఁబడెడి భటునికిఁ బటుత్వము తగినదే యని పేరు చూచి యొప్పుకొందుము. కాని ప్రజ్ఞలు మూఁడు మెట్లకొక్కటి చొప్పున వచ్చునవి. ఏడవ మెట్టు చేరిన వీరునికి 3 ప్రాణబల మేపాటిది? లోపలికిఁ బోవుటకై కట్టిన సుంకమువలెనే యది మిగిలిపోవును.

ఈ లెక్కలవలనఁ గలిగిన పెద్ద చిక్కు వేఱుగా నున్నది. గుమ్మమునకుఁ గావలసిన వస్తువులన్నియు ముందే తెలిసియుండుటచే, చతురుఁడగు బాలుఁడు మొదటి దినముననే యే మెట్టున నేమి తీసికొనవలయునో పద్దు వ్రాసికొనును. తరువాతఁ గథలో నూరు కాలిపోయినను, గురువు చనిపోయినను, వాని పాత్ర తన పద్దును మార్చుకొనదు. కథ యొక ప్రక్కను, పాత్ర పెంపొక ప్రక్కను నడచుచుండును.

ఈ చిక్కునకు మందు ఆ గ్రంథములోనే యక్కడక్కడఁ గలదు. చెడుదారిఁ బట్టిన యోధుని వృత్తికి, దుష్టలోకవాసి యొకనితో శాంతముగా మాటలాడి యుండవలయునను నియమము పెట్టిరి. ఆ వృత్తిని మన పిల్లలు చేపట్టుట మాకు సమ్మతము కాదు. నియమపు రూపమును మాత్రము చూడుఁడు. ఇది యంకములతోఁ గొనఁదగినది కాదు. కథలో జరుగవలసిన పని. అయితే యాటపెద్ద యవకాశ మీయనిచో నీ ద్వార మెన్నటికిని దెఱవఁబడదు. కావుననే కాఁబోలు, 2014లో వచ్చిన అయిదవ కూర్పువారు మూల గ్రంథమున నిట్టి వృత్తులను మానివైచి, మొదటి మూఁడు మెట్లలోనే యే నియమమును లేకుండ నొక శాఖ నెన్నుకొనుఁడనిరి. క్రొత్తవారి కిది సుఖము. సంపాదించి చేరితినను సంతోషము మాత్ర మిందుఁ గొఱవడినది.

ఇఁక మన విద్యార్థులు కోరిన మార్గదర్శి వృత్తి సంగతి. ప్రజలను గాఱడవులగుండ క్షేమముగా దాఁటించుట వాని పని. వారు మొదట వ్రాసికొన్నది వనవాస విద్యలో 8 అంకములు. పట్టిక వేయఁగా, అడవులలోఁ దిరుగు రేంజరునకు 5వ మెట్టు, యోధునికి 13వ మెట్టు వచ్చినవి. పల్లెను గాచెడి యోధుఁడు మార్గదర్శి యగుట మా కిష్టమే గనుక 4కుఁ దగ్గించితిమి. అప్పుడు యోధునికి 5వ మెట్టున నమరినది గాని, రేంజరునకు మొదటి మెట్టుననే తలుపు తెఱచుకొన్నది. అందుచేఁ బోరాటపు లెక్క 5 అని రెండవ గడియ పెట్టితిమి. ఇప్పు డిరువురును అయిదవ మెట్టుననే వత్తురు. బాటసారులకును మృగములకును నడుమ నిలువవలసినవానికి నా లెక్క యక్కఱలేని సుంకమును గాదు.

మూఁడవది చేసిన పని. ఆయుధము పట్టఁజాలని వారిని గొందఱిని వెంటఁబెట్టుకొని, మూఁడు దినముల యడవిదారి నడిపించి, ఒక్కరినిఁ గూడఁ గోల్పోక గమ్యము చేర్చియుండవలయును. ఇట్టి ప్రయాణమునకుఁ బాత్ర యయిదవ మెట్టు చేరులోపల నాటపెద్ద రెండుమా ఱవకాశ మీయవలయునని నియమముతోడనే వ్రాయించితిమి.

దారిలో నొకరు చనిపోయినచో నేమి చేయవలయునని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యడిగినది. ఆ పాత్ర కిఁక ద్వారము మూయవలయునని కొందఱు బాలురనిరి. మేము వారితో నేకీభవింపలేదు. చాలసేపు వాదించిన మీఁదట నిట్లు వ్రాసికొన్నారు: చనిపోయినవారి యింటికి నా పాత్ర తానే పోయి, జరిగినది జరిగినట్లు చెప్పి రావలయును, అటుపిమ్మట మూఁడు దినముల లెక్క మరల మొదటినుండి ప్రారంభమగును.