టీవీలో ‘నో సిగ్నల్’ ఎందుకు వస్తుంది?

హాల్లో పెద్ద టీవీ, దాని కింద అరలో చిన్న కంప్యూటరు. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, దూరాన ఉన్న పిల్లలతో వీడియో కాల్స్ అన్నీ ఆ తెర మీదే. ఒకరోజు కంప్యూటరు ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, టీవీలో మాత్రం ‘నో సిగ్నల్’ అని వస్తుంది. చాలా ఇళ్లలో వెంటనే కొత్త వైరు కొంటారు. దాంతో కుదరకపోతే గ్రాఫిక్స్ కార్డును, ఆ తర్వాత టీవీనే అనుమానిస్తారు. తీరా చూస్తే చాలాసార్లు వీటిలో ఏదీ చెడిపోయి ఉండదు. బొమ్మ రావడానికి ముందు టీవీకి, కంప్యూటరుకు మధ్య కొంత సంప్రదింపు జరగాలి. అది మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం రిపేరు అయినట్టే.

టీవీని, కంప్యూటరును కలిపే ఈ వైరు పేరు హెచ్‌డీఎంఐ. దాని తొలి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. అంతకుముందు వాడిన ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు ఇటు నుంచి వచ్చింది అటు అందించేది, అంతే. హెచ్‌డీఎంఐ కనెక్టరులో 19 పిన్నులు ఉంటాయి. వాటిలో కొన్ని బొమ్మను, శబ్దాన్ని మోస్తే, కొన్ని రెండువైపులా కబురు చేరవేయడానికే ఉన్నాయి. వైరు పెట్టగానే కంప్యూటరు 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. టీవీ 19వ పిన్ను ద్వారా ‘ఉన్నాను’ అని జవాబిస్తుంది. అప్పుడు కంప్యూటరు 15, 16 పిన్నుల మీదుగా టీవీలో దాచిన చిన్న సమాచారాన్ని చదువుకుంటుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. చాలా టీవీల్లో అది 256 బైట్లే. తయారీదారు ఎవరు, ఏయే రిజల్యూషన్లు చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు తెరను మార్చగలదు, ఎలాంటి శబ్దం తీసుకోగలదు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. టైలరుకు గుడ్డతో పాటు ఇచ్చే ఆది జాకెట్టు లాంటిదన్నమాట. ఆది అందకపోతే కంప్యూటరు అంచనా మీద కుట్టేస్తుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ మీద 1024×768 బొమ్మ మసకగా రావడం, బొమ్మ వచ్చినా శబ్దం రాకపోవడం తరచుగా ఇందుకే.

ఇక వెతకడం మొదలుపెడదాం. ముందు కంప్యూటరు వెనక్కి వెళ్లి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌కు రెండు చోట్ల సాకెట్లుంటాయి. పైన మదర్‌బోర్డువి, కింద అడ్డంగా కార్డువి. కార్డు బిగించాక చాలా కంప్యూటర్లలో మదర్‌బోర్డు సాకెట్ పనిచేయదు. వైరు కార్డుకే పెట్టాలి. టీవీలో ఎంచుకున్న ఇన్‌పుట్ నంబరు, వైరు పెట్టిన సాకెట్ నంబరు ఒకటేనా అన్నది కూడా అప్పుడే చూసేయండి.

తర్వాత కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేసి, మొదటి కొన్ని సెకన్లు తెర మీద నుంచి కళ్లు తిప్పకండి. కంపెనీ లోగో కనబడిందంటే వైరు, సాకెట్లు, టీవీ పనిచేస్తున్నట్టే. లోగో వచ్చి, విండోస్ మొదలయ్యాక తెర నల్లబడితే లోపం సెట్టింగుల్లోనో డ్రైవరులోనో ఉంది. టీవీ చూపలేని మోడ్‌ను విండోస్ ఎంచుకుని ఉండొచ్చు, లేదా బొమ్మను వేరే తెరకు పంపుతూ ఉండొచ్చు. కంట్రోల్, విండోస్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవరు మళ్లీ మొదలవుతుంది. ఏ తెరకు పంపాలో ఎంచుకోవడానికి విండోస్, పి నొక్కాలి. అయినా రాకపోతే మామూలు మానిటరు ఒకటి తగిలించి, రిజల్యూషన్ 1920×1080కి, రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్‌కి తెచ్చి మళ్లీ టీవీకి కలపండి. లోగో కూడా రాకపోతే మాత్రం వైరు, సాకెట్లు, ఇన్‌పుట్ వైపు వెతకాలి.

టీవీ ఆపి మళ్లీ పెట్టినప్పుడే బొమ్మ పోతోందా? కొన్ని టీవీలు ఆగగానే 19వ పిన్ను కబురు కూడా ఆగిపోతుంది. వైరు పీకేశారని కంప్యూటరు అనుకుంటుంది. ముందు టీవీ, తర్వాత కంప్యూటరు ఆన్ చేయడం అలవాటు చేసుకుంటే చాలా ఇళ్లలో ఈ బాధ తీరుతుంది. మధ్యలో ఆడియో రిసీవరు ఉంటే దాన్ని పక్కన పెట్టి వైరు నేరుగా టీవీకి కలపండి. అప్పుడు బొమ్మ వస్తే లోపం రిసీవరు దగ్గరే వెతకాలి. ఎంతకీ తేలకపోతే ఈడీఐడీని తమలో దాచుకునే చిన్న ఎమ్యులేటర్లు దొరుకుతాయి. టీవీ పలకకపోయినా కంప్యూటరుకు జవాబు అవే ఇస్తాయి.

4కె బొమ్మది వేరే కథ. హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం సెకనుకు 10.2 గిగాబిట్లు. దాని మీద 4కె 30 హెర్ట్జ్ వరకే వస్తుంది. 2013లో వచ్చిన 2.0 దాన్ని 18కి, 2017లో వచ్చిన 2.1 ఏకంగా 48కి పెంచాయి. తెర మీద తెల్లటి చుక్కలు మెరవడం, బొమ్మ ఒక సెకను పోయి మళ్లీ రావడం కనిపిస్తే రిఫ్రెష్ రేటు 60 నుంచి 30కి దించి చూడండి. మెరుపులు ఆగాయంటే వైరు అంత వేగాన్ని తట్టుకోలేకపోతోందని బలంగా అనుమానించవచ్చు. కొత్త వైరు కొనాల్సింది ఇక్కడే. ‘ప్రీమియం హై స్పీడ్’ లేదా ‘అల్ట్రా హై స్పీడ్’ ముద్ర ఉన్నది, అవసరమైనంత పొడవుదే కొనండి. కొనేముందు టీవీ సెట్టింగులు కూడా చూడాలి. చాలా 4కె టీవీల్లో సాకెట్‌కు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగ్ ఆఫ్‌లోనే వస్తుంది. సామ్‌సంగ్‌లో దాని పేరు ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’.

బొమ్మ వచ్చినా టాస్క్‌బార్ సగం తెగిపోతే అది ఓవర్‌స్కాన్. పాత పిక్చర్ ట్యూబుల కాలం నుంచి టీవీలు అంచుల్ని కత్తిరిస్తున్నాయి. టీవీ మెనూలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ ఎంచుకుంటే సరిపోతుంది. నలుపు బూడిదరంగులో కనిపిస్తే ఒకవైపు 0–255, మరోవైపు 16–235 రంగుల శ్రేణి ఉందేమో చూసి, రెండువైపులా ఒకటే పెట్టండి. మిగతావన్నీ బాగుండి ఓటీటీ సినిమా ఒక్కటే నల్లగా వస్తే కాపీ రక్షణ అయిన హెచ్‌డీసీపీని అనుమానించాలి. 4కె సినిమాలకు మామూలుగా దాని 2.2 వెర్షన్ కావాలి. పాత రిసీవరో స్ప్లిట్టరో మధ్యలో ఉంటే అక్కడే ఆగిపోతుంది.

మన ఇళ్లలో తప్పక చూడాల్సింది ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరుకు తగిలిస్తే కంప్యూటరు బాడీకి ఎర్త్ ఉండదు. ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనే ఆ లీకేజీ కరెంటు, వైరు పెట్టే క్షణంలో హెచ్‌డీఎంఐ సాకెట్ వెనకున్న చిప్పును కాల్చేయగలదు. టీవీ, కంప్యూటరు రెండింటి ప్లగ్గులూ తీశాకే వైరు మార్చండి. ఉరుములు మొదలయ్యేలోపే కేబుల్ టీవీ, డిష్ వైర్లు కూడా ఊడదీయండి.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. వైరు, సాకెట్, సెట్టింగ్ అన్నీ కలిపి మార్చేస్తే బొమ్మ వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. మెకానిక్‌ను పిలవక తప్పకపోతే ‘టీవీ రావట్లేదు’ అని ఊరుకోకండి. ‘లోగో వస్తోంది, విండోస్ వచ్చాక పోతోంది, వేరే మానిటరుకు బాగానే ఉంది’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అతనికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది, మీకు అక్కర్లేని ఖర్చు తప్పుతుంది.