పాయింట్ల తక్కెడలో మనిషి

కెనడా వలస విధానం ప్రస్తావన వస్తే తరచు ఒక మాట వినబడుతుంది: అక్కడ సిఫార్సులు చెల్లవు, రంగు చూడరు, అందరికీ ఒకటే కొలబద్ద అని. ఈ మాటలో నిజం ఉంది. అయితే కొలబద్ద అందరికీ ఒకటే అయినంత మాత్రాన, అది ఎవరి చేతిలో ఉంది, మనిషిలో దేన్ని కొలుస్తుంది అన్న ప్రశ్నలు రద్దయిపోవు.

ముందు చరిత్ర. స్వదేశం నుండి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారినే దిగనిస్తామని కెనడా 1908లో ఒక నిబంధన చేసింది. అందులో 'భారతీయుడు' అనే మాట లేదు. ఆ అవసరమూ లేదు. 1914లో 376 మందితో వాంకూవర్ చేరిన కొమగాటా మారు ఓడను రెండు నెలలు రేవులో నిలిపి, కొద్దిమందిని తప్ప అందర్నీ వెనక్కి పంపారు. బాహాటమైన జాతి వివక్షను 1962లో చాలావరకు తొలగించి, 1967లో పాయింట్ల పద్ధతి తెచ్చారు. అది ముందడుగే. దాన్ని తక్కువచేసి చూడడం ఆ ఓడను మరిచిపోవడమే.

1967 నాటి పట్టికలో నూటికి యాభై వస్తే అర్హత. చదువుకు 20, వృత్తికి ఉన్న గిరాకీకి 15, వయసుకు 10, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకు కలిపి 10, ఇలా సాగుతుంది లెక్క. ఎదుట కూర్చున్న మనిషిని అంచనా కట్టి అధికారి వేసేవి 15. వెళ్ళగొట్టిన ఇష్టానిష్టాలు మళ్ళీ దూరడానికి ఆ సందు చాలు.

2015లో లెక్క మారింది. కనీసార్హత ఉన్నవారంతా ముందు ఒక జాబితాలో చేరతారు. వారికి 1200 పాయింట్ల మీద ర్యాంకులు కడతారు. ప్రభుత్వం అప్పుడప్పుడూ పైనుండి కొందరిని పిలుస్తుంది. ఎక్కడ గీత గీస్తారో ముందుగా తెలియదు. ఎంసెట్ చూసిన ఇళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. పైగా ఆట మధ్యలో నియమాలు మారుతుంటాయి. మొదట ఉద్యోగ హామీకి 600 పాయింట్లు ఇచ్చారు. 2016లో బాగా తగ్గించారు. హామీ పత్రాలు అంగడి సరుకైపోవడంతో 2025 మార్చిలో పూర్తిగా ఎత్తివేశారు. ఆ పాయింట్లనే నమ్ముకుని ఏళ్ళు గడిపినవాళ్ళ సంగతి పట్టికకు పట్టదు.

ఈ పట్టిక స్వభావమంతా వయసు గడిలో ఉందని నా అభిప్రాయం. ఒంటరి అభ్యర్థికి ఇరవై నుండి ఇరవై తొమ్మిదేళ్ళ దాకా 110 పాయింట్లు. నలభైకి 50. నలభై అయిదుకు సున్న. ఎందుకిలా? ఒక మనిషిని పనికి తయారుచేయడానికి ఇరవై ఏళ్ళ పైన పడుతుంది. పాలు, బడి, జబ్బుకు మందు, కాలేజీ ఫీజు — ఆ ఖర్చంతా పెట్టింది మరో దేశంలోని కుటుంబం, ఆ దేశపు ప్రజాధనం. తయారైన శ్రమశక్తిని, అరుగుదల మొదలుకాక ముందే ఎంచుకోవడం ఈ లెక్కలోని సారం. కుటుంబంలో ఒక బిడ్డ అనారోగ్యం అక్కడి వైద్య వ్యయానికి మితిమీరిన భారమని తోస్తే కుటుంబమంతటికీ తలుపు మూసే నిబంధన కూడా దీని తోబుట్టువే. 2018లో దాన్ని సడలించారు, తీసివేయలేదు.

భాషకు కూడా పెద్ద వాటా ఉంది. ఆ భాషలు రెండే. తెలుగులో ఎం.ఏ. చేసినవాడికి డిగ్రీ లెక్కన పాయింట్లు రావచ్చు గాని తెలుగుకు రావు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కూర్చున్న యువతరానికి ఇది తెలిసిన సంగతే. ఇంట్లో చేసిన చాకిరీ అనుభవం కాదు. జీతం అందిన పనే అనుభవం. ఈ నియమం ఎక్కువగా ఎవరి జీవితాన్ని సున్న చేస్తుందో స్త్రీ పాఠకులకు నేను చెప్పాలా? నేను చదివిన ప్రవాస కథలు చాలావరకు విమానాశ్రయంలో వీడ్కోలుతో మొదలవుతాయి. అంతకుముందు దరఖాస్తు ముందు కూర్చుని తన బతుకును గడుల్లోకి కత్తిరించుకున్న మనిషి ఇంకా కథలోకి రాలేదు.

అక్కడికి చేరాక మరో చిక్కు. వైద్య పట్టాకు పాయింట్లిచ్చి రమ్మన్నది కేంద్ర ప్రభుత్వం. వైద్యం చేయడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్రస్థాయి వృత్తి సంస్థ. రెండింటికీ పొత్తు లేదు. ఇక యజమానులు 'కెనడా అనుభవం' అడుగుతారు. అలా పట్టుబట్టడం పైకి చూస్తేనే వివక్ష అని ఆంటారియో మానవహక్కుల సంఘం 2013లో ప్రకటించవలసి వచ్చింది. టాక్సీ నడిపే డాక్టరు అక్కడ జోకుగా మారడానికి వెనుక ఉన్నది ఈ ఏర్పాటే.

ఇంతకీ నైపుణ్యం లేనిదిగా లెక్కించిన పనులు ఎవరు చేస్తున్నారు? పాయింట్ల పద్ధతికి ఒక్క ఏడాది ముందు, 1966లో, కెనడా జమైకాతో మరో ఒప్పందం చేసుకుంది. పంటకాలానికి కూలీలు రావాలి, పని అయ్యాక వెళ్ళిపోవాలి. 1974లో మెక్సికో చేరింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి ఉండడానికి లేదు. అనుమతి పత్రం ఏర్పాటులో ఉన్న యజమానులకే కట్టి ఉంటుంది. ఈ తలుపు దగ్గర చదువు అడగరు, భాషా పరీక్ష పెట్టరు. ఆంటారియో తోటల్లో టమాటాలు కోసే మనిషి ఇరవై వేసవులు వచ్చిపోయినా, 1200 పాయింట్ల పట్టికలో ఆ ఇరవై వేసవులకు గడి లేదు.